రోజూ పూసుకునే గంధం

శవం ముందు వచ్చింది. సూట్‌కేసు తర్వాత వచ్చింది.

మా తమ్ముడు మహిపాల్ దుబాయిలో అత్తరు సామాను గోదాములో పెట్టెలు మోసేవాడు. మాఘమాసంలో ఒక తెల్లవారి మంచం మీది నుంచి లేవలేదు. గుండె ఆగిందని కాగితం మీద రాశారు. పోయిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది, అది కూడా ఒక కారణమేనా అని నేను అడిగాను.  శవాన్ని తొందరగా తెప్పించమని జగిత్యాలలో రోడ్డు మీద కూర్చున్నాను. కోరుట్ల బీడీ కార్ఖానాలో నాతో పనిచేసే ఆడవాళ్లను ఆటోల్లో ఎక్కించుకుపోయి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అరిచాను. నాకు అరవడం వచ్చు. ఐదో తరగతితో బడి మానేసి, కరపత్రాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. మెత్తగా మాట్లాడటం ఏ కరపత్రమూ నేర్పలేదు.

శవం వచ్చింది. పెట్టె మూత తీస్తే మందుల వాసన గుప్పుమంది. మా తమ్ముడి వాసన లేదు.

దినాల నాడు గాజులు పగలగొట్టడానికి వచ్చిన ఆడవాళ్లను నేను గుమ్మం దాటనీయలేదు. "నా మరదలి మీద చెయ్యేస్తే మర్యాద దక్కది" అన్నాను. వాళ్లు గొణుక్కుంటూ పోయారు. నేను గెలిచాననుకుని వెనక్కి తిరిగేసరికి నా మరదలు రేణుక తన గాజులు తానే తీసి, లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటే నా చేతిలో పెట్టింది.

"ఎందుకే?" అన్నాను. ఒళ్లు మండింది.

"సప్పుడు జేత్తున్నయి వదినె," అన్నది. అంతే.

సూట్‌కేసు తెచ్చినవాడు దావీదు. మెట్‌పల్లివాడు. దుబాయిలో ఒకే గదిలో పై మంచం వాడిది, కింది మంచం మహిపాల్‌ది. సెలవు మీద వచ్చి, తన ఇంటికి కూడా పోకముందే మా ఇంటికొచ్చాడు.

"ఆని మంచం కాడ ఉన్నయన్ని గిందుల ఏసిన అక్కా. ఏదీ పారేయలే," అన్నాడు.

మమ్మల్ని కన్న మా అవ్వ ముత్తవ్వ గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. రేణుక సూట్‌కేసు ముందు మోకాళ్ల మీద కూర్చుని జిప్పు లాగింది.

వాసన.

గంధమే. కానీ పెళ్లిళ్లలో గిన్నెలో కలిపి మెడకు రాసే పచ్చి గంధం కాదు. దుబాయి నుంచి వచ్చినవాడు పూసుకుని బస్సెక్కితే బస్సులో అందరికీ తలనొప్పి తెప్పించే అత్తరూ కాదు. పాలు కాగి చల్లారాక పైన మీగడ కడుతుంది చూడండి, ఆ మీగడలో గంధపు చెక్కను కాసేపు ఉంచి తీసినట్టుంటుంది. మెత్తగా, కొంచెం తియ్యగా. దగ్గరికొస్తేనే తెలుస్తుంది.

మా తమ్ముడు మొదటి సెలవుకు వచ్చినప్పుడే అలాంటి సీసా ఒకటి తెచ్చాడు. మా ఇంట్లో ఆడవాళ్లందరం బీడీలు చుట్టేవాళ్లమే. తంబాకు వాసన మా గోళ్లలోంచి పోదు. అన్నం ముద్ద నోటికి తెచ్చుకునేటప్పుడు రేణుక ముఖం కొంచెం పక్కకు తిప్పుకుంటుంది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే గిన్నె చుట్టూ కూర్చుని తిని నేను అది చూడలేదు. వాడు చూశాడు.

"ఇంత పెద్ద సీసా ఎందుకురా? పెండ్లికి పేరంటానికి ఒక్క సుక్క సాలదా?" అని నేను అడిగాను అప్పుడు.

"గిది పెండ్లిళ్లకు గాదక్కా. రోజుటిది. పొద్దుగాల కొట్టుకుంటే పొద్దుమూకేదాంక మనకే తెల్వాలె, పక్కోనికి గాదు," అన్నాడు.

సెలవున్నన్నాళ్లూ వాడూ అదే కొట్టుకునేవాడు. కల్లు మండువా దగ్గర దోస్తులు నవ్వేవాళ్లు. "ఏందిరో, పెండ్లాం సెంటు కొట్టుకచ్చినవ్?" అంటే, "మీ పెండ్లాలు మిమ్ముల దగ్గరికి రానిస్తలేరా ఏంది, గట్ల కుళ్లుకుంటున్రు?" అనేవాడు. ఆ తర్వాత ప్రతి సెలవుకూ ఒక సీసా. ఇద్దరికీ ఒకటే.

సూట్‌కేసులోంచి కంబళి వచ్చింది. టైగర్ బామ్ డబ్బాలు, టార్చిలైటు, నీలం గళ్ల దస్తీ ఒకటి. అడుగున, బనీనులో చుట్టిన సీసా. పగల్లేదు. కానీ పైన నొక్కే పీక విరిగిపోయింది. కొంత ఒలికి బట్టలన్నిటికీ పట్టింది.

మా అవ్వ లేచింది. బయటికి పోయి వాకిట్లో ఎండలో నిలబడింది.

"అవ్వా, ఎండల ఎందుకు నిలవడ్డవే?"

"గిట్లనే."

నేను పట్టించుకోలేదు. కంపెనీ నుంచి రావలసిన కాగితాల గురించి దావీదును నిలదీస్తున్నాను. పాపం, వాడేం చేస్తాడు. తల ఊపుతూ కూర్చున్నాడు. రేణుక విరిగిన పీకను పంటితో పీకేసింది. సీసా వంచి చూపుడు వేలికి ఒక చుక్క తీసుకుంది. చెవి కింద, మెడ పక్కన పూసుకుంది. మా అందరి ముందే. దావీదు తల దించుకున్నాడు.

ఆ పీక విరగడంతోనే అంతా మొదలైంది.

మా కార్ఖానా రేకుల షెడ్డు. చాటలు ఒళ్లో పెట్టుకుని వరుసగా కూర్చుంటాం. చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూలకు తంబాకు, ఒక మూలకు దారం. వేళ్లు వాటి పని అవి చేసుకుంటాయి, నోళ్లు ఖాళీగా ఉంటాయి. అందరికంటే పెద్దది వెంకటవ్వ. ఆమె వేళ్లు జోరు, నోరు ఇంకా జోరు.

"ఏమే సరోజనా, మీ మరదలు గంధం పూసుకుంటాందట?"

"గంధం గాదు. సెంటు."

"సెంటైతే కొట్టుకుంటరే. బుస్సుమంటది. నాకు తెల్వదా? నా మనుమడు కొట్టుకుంటడు రోజు, కాలేజీకి పొయ్యే ముంగట. మీ మరదలు ఏలుతోని మెడకు రాసుకుంటాంది. నా కండ్లతోని చూసిన. కొట్టుకునేదైతే సెంటు, పూసుకునేదైతే గంధం."

షెడ్డంతా తలలూపింది. నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది. తీర్పు ఎంత సులువుగా ఇచ్చేసింది చూడండి. గంధం మెడకు పూయడమంటే మా దిక్కు చిన్న సంగతి కాదు. పెళ్లికి, పేరంటానికి ముత్తయిదువలు ఒకరి మెడకు ఒకరు పూస్తారు. మొగుడు పోయినదానికి ఎవరూ పూయరు. తానే పూసుకుంటే, ఇక చెప్పేదేముంది.

"దుబాయి సాయిబులు జేసిన దానికి ముత్తయిదువ తనమేందే?" అన్నాను.

"ఎవలు జేత్తేంది? వాసన గంధందే గద. రేపు మా ఇంట్ల పసుపు కొట్టేటప్పుడు అస్తది, పక్కన కూసుంటది. గంధం గుప్పుమంటది. ఎవలు పూసిన్రే అని అడిగితే మేమేం జెప్పాలె?"

చాట కింద పెట్టి లేచాను. నేను లేచానంటే ఉపన్యాసమే.

"ఇనున్రి. ఇన్నేండ్లు మీ మెడలకు గంధం పూసుకున్నరు గద, గంధం జూసి మనకు పని దినాలు పెంచిన్రా? నెలల సగం రోజులు ఇండ్లల్ల ఊకె కూసుంటున్నం. దానికి ఒక్కరు నోరు తెరువరు. మొగడు సచ్చిన పిల్ల చెవి కింద ఒక సుక్క పెట్టుకుంటే లోకం మునుగుతాందా? నా తమ్ముని పెట్టె కోసం జగిత్యాల రోడ్డు మీద కూసున్ననాడు ఎవల మెడకు ఏమున్నదో చూసి కూసున్నరా మీరు?"

"నీతోని ఎవలు మాట్లాడుతరే తల్లీ, నీది నోరు గాదు, మైకు," అన్నది వెంకటవ్వ. షెడ్డంతా గొల్లుమంది.

రేణుక చివరి వరుసలో కూర్చుంది. ఆమె వేళ్లు ఆగలేదు. తల ఎత్తకుండానే అన్నది:

"వదినె, కూసో. నీ ఆకు ఎండుతాంది."

ఇంటికొస్తే ఇంట్లో ఇంకో కార్ఖానా.

శవం వచ్చినప్పటి నుంచి మా అవ్వ మాటలు తగ్గించింది. బువ్వ పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఆ సాయంత్రం ఆమే పిలిచింది.

"సరోజా. గా సీసా ఇంట్ల ఉండద్దు."

"ఎందుకు ఉండద్దు?"

"ఒద్దు."

నాకు తిక్క రేగింది. మా నాయిన గీత కార్మికుడు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే తాటిచెట్టు మీది నుంచి పడి పోయాడు. బావి దగ్గర మా అవ్వను కూర్చోబెట్టి, రాయితో గాజులు కొట్టినప్పుడు ఆమె కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను.

"నిన్ను గప్పుడు ఏం జేసిన్రో యాదికి లేదా నీకు? నాకున్నది. నీ చేతుల నుంచి నెత్తురు కారింది. గిప్పుడు నువ్వే గా పిల్లను గట్ల జేత్తవా?"

అవ్వ నా ముఖం చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"దాన్ని గాజులు తియ్యమన్ననా నేను? బొట్టు తియ్యమన్ననా? పెట్టుకోమను. పూలు గుడ పెట్టుకోమను. గా సీసా ఒక్కటి ఒద్దు."

"గంధమనే గద?"

"గంధమో సెంటో నాకు ఎరుకలేదు బిడ్డా. ఒద్దు."

నా చెవులు ఆ 'ఒద్దు' దగ్గరే ఆగాయి. మిగతాది వినలేదు. తాతలనాటి బూజు, దులపాలి అనుకున్నాను. మర్నాడు సీసాను సంచిలో వేసుకుని జగిత్యాల పోయాను. బస్టాండు దగ్గరి ఫ్యాన్సీ స్టోరులో కౌంటరు మీద పెట్టాను.

"దీనికి పీక కావాలె."

"అమ్మా, గీ సీసాకు వేరేది కూసోదు," అన్నాడు షాపువాడు.

"కూసోవెట్టు."

వాడు నా ముఖం చూశాడు. ఇక వాదించలేదు. ఖాళీ సీసాల డబ్బా తీసి వెతికి, ఒక పీకను పట్టకారుతో బిగించి, ఒకసారి గాలిలోకి నొక్కాడు. కళ్లు మూసుకుని పీల్చాడు.

"మంచిగున్నదమ్మా. ముక్కుకు కొడుతలేదు, మెత్తగున్నది. ఏం కంపెనీ?"

"సచ్చిపోయినోని కంపెనీ," అన్నాను. వాడు సీసా తిప్పి చీటీ మీద పేరు వెతికాడు.

మర్నాడు కార్ఖానా మధ్యలో నిలబడి సీసా పైకెత్తి నొక్కాను.

"బుస్సుమన్నదా? ఇగ చెప్పున్రి. ఇది ఏంది?"

వెంకటవ్వ మూతి ముడిచింది. "సెంటే," అన్నది. కాసేపాగి, మణికట్టు చాపి, "జెర నాకూ కొట్టు," అన్నది. నవ్వులే నవ్వులు. ఆ మధ్యాహ్నం షెడ్డులో తంబాకు మీద మీగడ వాసన తేలింది. ఇంత చిన్న సంగతి మీద అంత పెద్ద గెలుపు నాకు ఎప్పుడూ రాలేదు. రేణుక మాత్రం సీసాను నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి, ఎంత తగ్గిందో వెలుతురుకు పట్టి చూసుకుంది.

వేలితో పూసుకున్నప్పుడు ఆ వాసన రేణుక మెడ దాటి పోయేది కాదు. కొట్టుకోవడం మొదలుపెట్టాక ఇల్లంతా పాకింది. మాది రెండు గదుల ఇల్లు. పొద్దున ఆమె ఒకసారి నొక్కితే సన్నని తుంపర గాలిలో నిలబడి, మెల్లగా పరదా మీద, మంచం మీద, ఉతికి ఆరేసిన బట్టల మీద వాలేది. సాయంత్రం వరకూ ఎక్కడో ఒకచోట ఉండేది.

అవ్వ తన మంచాన్ని వసారాలోకి జరుపుకుంది. ఎండలు ముదిరాయి. కోరుట్ల ఎండ తెలిసినవాళ్లకు ఆ వసారా ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రేకులు కాలి, కింద మనిషి ఉడుకుతుంది.

"లోపటికి రావే, ఫ్యానుంది," అంటే రాదు.

"నా మీద దీక్ష జేత్తున్నవా?" అన్నాను.

"నాకీడనే మంచిగున్నది."

మొండిది, నాకు ఆ మొండితనం ఈమె నుంచే వచ్చింది అనుకున్నాను. లొంగేది లేదు. చూద్దాం ఎన్నాళ్లుంటుందో.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను వసారా ఈ చివర చాప మీద కూర్చుని, పని దినాల గురించి కరపత్రం రాస్తున్నాను. ఆ చివర అవ్వ మంచం మీద పడుకుంది, ముఖం మీద కొంగు కప్పుకుని. వేడిగాలికి వాకిట్లో చిత్తుకాగితం ఒకటి దొర్లుతోంది. కార్ఖానాలో ఆకు అయిపోయి అందరినీ తొందరగా పంపించారట, రేణుక గేటు తీసుకుని లోపలికొచ్చింది. చెప్పులు వదిలి, అవ్వ నిద్ర చెడకుండా మెల్లగా మంచం పక్క నుంచి నడిచింది.

"అచ్చినవా కొడుకా," అన్నది అవ్వ.

కొంగు తీయలేదు. గొంతులో నిద్ర ఉంది.

"కాళ్లు కడుక్కో. బువ్వ వెడుత."

రేణుక ఉన్నచోటే నిలబడిపోయింది.

అవ్వ ముఖం మీది కొంగు తొలగించింది. కళ్లు తెరిచింది. ఎదురుగా రేణుక. అవ్వ ఉలిక్కిపడలేదు. తప్పు మాట అన్నానని కూడా అనలేదు. ఎదురుచూసినదే చూసినట్టు కాసేపు చూసి, మళ్లీ కొంగు కప్పుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఇది ఈ రోజు మొదటిసారి కాదని.

రేణుక నల్లా దగ్గరికి పోయింది. ఒంటి సబ్బు కాదు, బట్టల సబ్బు తీసుకుంది. మెడ రుద్దుకుంది. చెవుల వెనక రుద్దుకుంది. నీళ్లు పోసుకుని, చెయ్యి వాసన చూసుకుని, మళ్లీ రుద్దుకుంది.

కరెంటు వచ్చింది. లోపల ఫ్యాను తిరగడం వినిపించింది. నేను రాస్తున్న వాక్యం ఏమిటో నాకే గుర్తుకు రాలేదు.

ఆ రోజు నుంచి సీసా మళ్లీ బనీనులోకి, బనీను సూట్‌కేసులోకి పోయింది.  రెండు మూడు రోజులకు పరదాల్లోంచి, దుప్పట్లలోంచి వాసన పోయింది. మా ఇల్లు మళ్లీ తంబాకు ఇల్లు అయింది. అవ్వ మంచం లోపలికి తెస్తుందనుకున్నాను. తేలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా కొంగు కిందనే ముఖం అటు తిప్పేది. రేణుక వచ్చి పక్క నుంచి పోయేది. అవ్వ నోరు విప్పేది కాదు.

రేణుక అన్నం ముద్ద దగ్గర ముఖం తిప్పుకోవడం ఇప్పుడు నాకు కనిపిస్తోంది. ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేం. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేది.

వానలు తెచ్చే మిరుగు కార్తె రావడానికి ముందు ఒక పొద్దున, నా పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తూ అన్నది:

"వదినె, నేను సిరిసిల్ల పోత. మా చిన్నమ్మ బిడ్డ శ్వేత లేదా, అది బట్టలు కుట్టే షెడ్డుల చేత్తాంది. రమ్మంటాంది."

"ఎవలన్న ఏమన్న అన్నరా? పేరు చెప్పు. ఆళ్లింటి ముంగట కూసుంట."

"నిన్ను చూసి ఎవలంటరు?" అన్నది. మాఘమాసం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "పూసుకోకుంట నేను ఉండలేకపోతున్న. పూసుకుంటే అత్తమ్మ ఉండలేకపోతాంది. గీ రెండు గదులల్ల ఇద్దరం ఎట్లుంటం?"

నా దగ్గర ప్రతిదానికీ ఒక నినాదం ఉంటుంది. దీనికి లేదు. ఎవరి మీద అరవాలి? ఎవరి ఇంటి ముందు కూర్చోవాలి? ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరి న్యాయమూ ఒకే సీసాలో ఉంది.

పోయే రోజు రేణుక అవ్వ కాళ్లు మొక్కింది. అవ్వ ఆమె తల మీద చెయ్యి పెట్టింది.

"సీసా పట్టుకపోతున్నవా?"

"ఆఁ అత్తమ్మా."

"మంచిది," అన్నది అవ్వ.  బస్సు ఎక్కించి నేను తిరిగొచ్చేసరికి మంచం లోపలికి తెచ్చుకుని, ఫ్యాను కింద పడుకుని, పైకప్పు చూస్తోంది.

వానలు పడ్డాయి. సిరిసిల్లలో బీడీ కార్మికులకూ బట్ట నేసే సాంచాల మీద పనిచేసేవాళ్లకూ కలిపి ఒక మీటింగు పెట్టారు. పొద్దున సంచిలో కరపత్రాలు సర్దుకుంటుంటే అవ్వ వచ్చి పక్కన నిలబడింది. నడుము దగ్గర చెక్కుకున్న దస్తీ తీసింది. నీలం గళ్లది. సూట్‌కేసులో వచ్చినది. అది ఆమె దగ్గరుందని నాకు తెలియదు.

"రేణుక కాడికి పోతవా?"

"మీటింగయినంక పోత."

"దీనికి జెర గా గంధం పూపిచ్చుకరా."

నేను సర్దడం ఆపాను. "నువ్వే గదనే ఒద్దన్నది?"

"అన్న," అన్నది అవ్వ. దస్తీని అరచేతిలో పెట్టుకుని మడతలు సరిచేసింది. "అది ఉన్ననాడు నా కొడుకు రోజుకొక్కపాలి అచ్చేటోడు. కండ్లు తెరిస్తె పొయ్యేటోడు. గప్పుడు ఓర్వకపోతి. గిప్పుడు అస్తనే లేడు."

మీటింగులో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. చప్పట్లు కొట్టారు కాబట్టి బాగానే మాట్లాడి ఉంటాను.

రేణుక గది సాంచాలు నడిచే గల్లీలో ఉంది. గోడలు కూడా చప్పుడు చేస్తాయి. అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, జుట్టులో దారపు పోగులున్నాయి. నన్ను చూడగానే రెండు చేతులూ నా ముక్కు దగ్గర పెట్టింది.

"చూడు వదినె. తంబాకు పోయింది."

నిజమే. సబ్బు వాసన, కొత్త బట్ట వాసన. అంతే.

"మరి ఇగ సెంటు ఎందుకే నీకు?" అని నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆపేశాను.

సీసా కిటికీలో ఉంది. నేను జగిత్యాలలో పెట్టించిన పీక ఊడదీసి పక్కన పెట్టి ఉంది.

"కొట్టుకుంటే ఎక్కువ పోతది," అన్నది రేణుక, నేను అడగకముందే. "ఏలుతోని పూసుకుంటే ఇంకొన్ని దినాలస్తది."

అడుగున కొంచెమే మిగిలింది. దస్తీ ఇచ్చి, అవ్వ అన్నది అన్నట్టే చెప్పాను. ఆమె దస్తీని ముఖానికి ఆనించుకుని చాలాసేపు ఉంది. ఆ తర్వాత సీసా వంచింది. ఒకచోట పూసింది. ఇంకోచోట పూసింది. మళ్లీ వంచింది.

"సాలు. నీకుండద్దా?" అన్నాను.

"అత్తమ్మకు ముసలి ముక్కు వదినె. జెరంత పూస్తే తెల్వది."

సీసా తలకిందులుగా పట్టి చివరి తడి కూడా గుడ్డకు అద్దింది. దస్తీని చిన్నగా మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి తీసి ముడేసింది.

"కవరు ఇప్పకు. గాలి తాకితే పోతది," అన్నది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వేములవాడ దాటింది. వాన పడుతోంది. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముడి గట్టిగా ఉందో లేదో చూద్దామని కవరు తీశాను. గట్టిగానే ఉంది. విప్పాను.

మా తమ్ముడు నా పక్క సీట్లో కూర్చున్నాడు.

శవపెట్టె వచ్చిన నాడు నేను ఏడవలేదు. దినాల నాడు ఏడవలేదు. ఏడవడానికీ అరవడానికీ మనిషికి ఒకటే గొంతు. నాది ఒక పనికే సరిపోయింది. "పక్కోనికి గాదక్కా, మనకే తెల్వాలె" అన్నాడు వాడు. ముక్కుకు ఆనించుకుంటే తప్ప తెలియనంత మెత్తగా ఉంది. ఆనించుకున్నాను. మళ్లీ మడిచి ముడేశాను. చందుర్తి దగ్గర విప్పాను. రుద్రంగి దగ్గర విప్పాను. కథలాపూర్ దాటాక ఇక ముడేయలేదు, గుప్పిట్లోనే పట్టుకున్నాను.

"ఏడుత్తున్నవా అక్కా?" అన్నది పక్కనామె.

"దుమ్ము," అన్నాను.

ఆమె కిటికీలోంచి వానను చూసింది. నన్ను చూసింది. తన కొంగు సర్దుకుని అటు తిరిగింది.

ఇంటికి చేరేసరికి అవ్వ గడప దగ్గర నిలబడి ఉంది. కాళ్లయినా కడుక్కోనీయలేదు. చెయ్యి చాపింది. దస్తీ ఇచ్చాను. మంచం మీద కూర్చుని, మడతలు విప్పి, రెండు చేతులతో ముఖానికి పట్టుకుంది. కళ్లు మూసుకుంది.

నేను నిలబడే ఉన్నాను.

"తంబాకు అస్తాంది," అన్నది.

దస్తీ తిప్పింది. ఇంకో మూల చూసింది. ఇంకో మూల చూసింది.

"అంత తంబాకే."

కళ్లు తెరిచి నా వేళ్ల వైపు చూసింది. ఇన్నేళ్ల బీడీలకు గోళ్ల చుట్టూ పసుపు రంగు తేలి ఉంది.

"తొవ్వంత పట్టుకొనే అచ్చినవా?"

జగిత్యాల రోడ్డు మీద లాఠీలకు జవాబు చెప్పినదాన్ని. చేతులు రెండూ కొంగు కింద దాచుకున్నాను.

అవ్వ మంచం మీద కొంచెం జరిగింది. "కూసో," అన్నది. కూర్చున్నాను. దస్తీ మడిచి మళ్లీ నడుము దగ్గర చెక్కుకుంది. ఆ తర్వాత నా కుడిచెయ్యి తీసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పి, గోళ్ల దగ్గర, వేళ్ల సందుల్లో, అరచేతి మధ్యలో వాసన చూసింది.

"ఉన్నదా?" అని అడిగాను.

అవ్వ కళ్లు మూసుకుని నా అరచేతిని ముఖానికి ఆనించుకుంది. చెయ్యి వదల్లేదు.